సోమవారానికి దిగిపోయే బ్యాటరీ

లాస్‌పేట, పుదుచ్చేరి
ఆదివారం మధ్యాహ్నం

నరేంద్ర బావకు,

లోకేశ్వరి నమస్కరించి రాసేది. ఇక్కడ అత్త, జనని, నేను ముగ్గురం బాగున్నాం. ఆ రాజస్థాన్ చలిలో మీరూ ఒంటికి ఏ నలతా లేకుండా ఉన్నారని తలుస్తాను. బండి కూడా బాగుంది. ఆ ముక్క ముందే రాయకపోతే మిగతాది మీరు చదవరని తెలుసు కాబట్టి దాన్నీ క్షేమసమాచారంలోనే కలిపేశాను.

మీ ప్లాంటు నుంచి పురుషోత్తమన్ అన్న లీవు మీద వస్తూ మీరిచ్చిన జాబు, మీటరు డబ్బా, జనని గాజులు అన్నీ తెచ్చి ఇచ్చాడు. మనిషి మంచివాడు. విల్లియనూరు నుంచి పనిగట్టుకుని వచ్చి, కాఫీ తాగి, మీరు అక్కడ బాగా తింటున్నారని అత్తకు ధైర్యం చెప్పి పోయాడు. గాజులు జననికి పట్టలేదు. మీరు పోయినసారి చూసిన చెయ్యి కాదు అది. నా చిటికెన వేలు పట్టుకుని నడిచిన పిల్ల ఇప్పుడు నా చెప్పులు వేసుకుంటోంది. గాజులు డబ్బాలో పెట్టి దాచుకుంది, మీ మీద కోపమేమీ లేదు దానికి.

ఫోనులో చెప్పొచ్చు కదా, జాబు ఎందుకు అంటారేమో. ఫోనులో మీకు నచ్చని మాట వచ్చిందంటే వెంటనే సిగ్నలు పోతుంది. కాగితానికి ఆ బాధ లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. మన ఇంట్లో అందరికీ తెలుగు నోటికి వస్తుంది గానీ చదవగలిగేది మీరూ నేనే. అత్తకు అక్షరాలు రావు. జననికి బడిలో తమిళం, ఫ్రెంచి. పురుషోత్తమన్ అన్న దారిలో విప్పి చూసినా జిలేబీ చుట్టలే కనపడతాయి. మా నాన్న వేసవి సెలవుల్లో మేనల్లుణ్ణీ కూతుర్నీ ఒకే పలక ముందు కూర్చోబెట్టి నేర్పిన అక్షరాలు ఇవి. పెళ్లికి ముందు మీకు రాసినప్పుడల్లా కింద ‘మీ మామ కూతురు’ అని పెట్టేదాన్ని. పెళ్లైన కొత్తలో మీరే అన్నారు, ఇంక అట్ల రాయొద్దు, ‘మీ లోకు’ అని రాయి అని. అప్పటినుంచి అట్లే రాస్తూ వచ్చాను.

ఇక మీ జాబులోని ప్రశ్నలకు ఒక్కొక్కటిగా జవాబు రాస్తాను.

అత్త మోకాలి గురించి ఒక వాక్యం అడిగారు. నొప్పి తగ్గలేదు. మెట్లు ఎక్కలేకపోతోంది, బట్టలు ఆరేయడానికి మేడమీదికి నేనే పోతున్నాను. జనని చదువు గురించి ఒక వాక్యం. బాగానే చదువుతోంది. ఇంక మిగిలిన పేజీన్నర అంతా బ్యాటరీయే. చార్జరు శనివారం తప్పకుండా పెడుతున్నావా, తాళం పూర్తిగా ఆఫ్ చేస్తున్నావా, బండి ఎండలో పెడుతున్నావా, ఎవరైనా ముడుతున్నారా. చివరన రెండు గీతలు గీసి రాసిన మాట: ఇంకొక్కసారి బ్యాటరీ దిగితే బండి తాళం పురుషోత్తమన్ చేతికిచ్చి పంపు, మెకానిక్ తిరుమలై ద్వారా అమ్మిస్తాను, నువ్వు ఆ ఉద్యోగం మానేసి ఇంటిపట్టున ఉండు.

ఆ మాటకు జవాబు మెల్లగా రాస్తాను. కాస్త ఓపిక పట్టండి.

జరిగినదంతా మీకు తెలిసిందే. అయినా మీరు చెప్పే తీరు వేరు, నేను పడింది వేరు. కాబట్టి నా వైపు నుంచి ఒకసారి వినండి. మా ఫ్యాక్టరీ వాళ్లు సేదరపేట్‌కి వేసే బస్సు ఈ పక్కకు రాకుండా ఆపేసినప్పుడు నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అప్పుడు మీరు లీవులో ఉన్నారు. “ఎందుకు ఏడుస్తావు? నా బుల్లెట్టు తీసుకుపో” అన్నారు. మన మైదానం పక్క రోడ్డులో వెనక కూర్చుని నేర్పించారు. నేను రెండుసార్లు పడ్డాను, మీరు నవ్వలేదు. వీధంతా చూసింది. జయమ్మాళ్ అక్క అయితే మన గేటు దగ్గరే ఆగి, “ఏమే లోకూ, మా ఇంట్లో నాకు టీవీ రిమోటే చేతికియ్యరు. నీకు బుల్లెట్టే ఇచ్చినాడు. దేవుడే నీ మొగుడు” అనింది. నాకు తలపొగరెక్కింది. ఏ మొగుడు ఇస్తాడు తన బుల్లెట్టు పెళ్లాం చేతికి!

మీరు పోయే ముందు రోజు మధ్యాహ్నమంతా పెరట్లో బండి విప్పుకుని కూర్చున్నారు. “ఆడమనిషివి, దారిలో నిలబడిపోకూడదు గదా, అంతా చూసి పెడతా ఉండా” అన్నారు. టీ అడిగారు. నేను తెచ్చేలోపు సీటు బిగించేసి చేతులు తుడుచుకుంటున్నారు.

తర్వాత రెండు నెలలకే మొదలైంది. శనివారం సాయంత్రం బాగా తిరిగిన బండి సోమవారం పొద్దున టక్కు టక్కుమని ఊరుకునేది. ఈ బండికి కిక్కు కూడా లేదాయె. చీరకొంగు నడుముకు దోపి నేను తోస్తుంటే జనని బడి యూనిఫారంతో వెనక నుంచి తోసేది. ఫోను చేస్తే మీరేమన్నారు? “తాళం ఆన్‌లో పెట్టి మరిచిపోయి ఉంటావు. ఆడోళ్ల చేతికి బండి ఇస్తే ఇదే గోల.” లేదు బావా, తీసేశాను అంటే, “బ్యాటరీ దానంతట అదే దిగుతుందా? నాకు చెప్తావా?” అన్నారు. ఊరంత సోలార్ ప్లాంటులో బ్యాటరీలు చూసే మనిషికి నేనేం చెప్పగలను. నాదే తప్పేమో అనుకున్నాను. రోజూ తాళం తీశాక ఒకసారి, గేటు దగ్గరికి పోయి వెనక్కి వచ్చి ఇంకోసారి చూసుకునేదాన్ని.

అప్పుడు మీరు హ్యాండిలుకు బిగించే చిన్న వోల్టు మీటరు పంపారు. ఎర్ర అంకెలు వెలుగుతాయి. పన్నెండున్నర పైన ఉంటే నిండుగా ఉన్నట్టు, పన్నెండు కిందికి వస్తే ఆశ వదులుకోమని మీరే నేర్పారు. జనని దానికి జ్వరం చూడ్డమని పేరు పెట్టింది. పొద్దున పళ్లు తోముకుంటూనే పోయి చూసి, “అమ్మా, ఈ పొద్దు బండికి పదకొండు పాయింటు తొమ్మిది” అని అరిచేది. మనుషులకు జ్వరం ఎక్కువైతే భయం, దీనికి తక్కువైతే భయం. తర్వాత చార్జరు పంపారు. బ్యాటరీ నుంచి ఒక వైరు సీటు పక్కకు తీసి దానికి మూత పెట్టించాను. శనివారం ఇంటికి రాగానే చార్జరు తగిలిస్తే, ఎర్ర లైటు పోయి పచ్చ లైటు వచ్చేది. నిండాక అదే తగ్గించుకుని, దిగకుండా కాపాడుతూ ఉంటుంది. మంచి సామాను, కాదనను. చార్జరు పెట్టిన వారం బండి ఎగిరి పడేది. పెట్టని వారం చచ్చి పడేది. అంటే రోగం రోగంగానే ఉంది, మేము దానికి గ్లూకోజు ఎక్కిస్తున్నాం.

ఆయుధ పూజ గొడవ మీకు గుర్తుందిగా. అత్త పొద్దున్నే స్నానం చేసి చందనం అరగదీసి, బండి సీటు ఎత్తించింది. “లోపల ఉండేదే గదమ్మా అసలు ఆయుధం, పైన రేకుకు బొట్టు పెడితే ఏం లాభం?” అని కనపడిన ప్రతి సామానుకూ తడి చందనం, దాని మీద కుంకుమ పెట్టింది. బ్యాటరీ ముక్కులు రెండింటికీ బాగా దట్టించింది. రెండు వారాలకు అక్కడ పచ్చగా పాచి పట్టినట్టు పేరుకుంది. నేను ఫొటో తీసి పంపితే మీరు పండగ చేసుకున్నారు. “చూసినావా? ఇదే కారణం. మా అమ్మా నువ్వూ కలిసి బండిని పూజించి చంపేస్తారు” అన్నారు. అత్త ఆ మాట విని రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. నేను వేడినీళ్లలో సోడా ఉప్పు కలిపి, పాత పళ్ల బ్రష్షుతో ఆ పాచి అంతా కడిగి, ఆరబెట్టి, వేజలిను పూసి బిగించాను. ఇంక సరిపోయింది అనుకున్నాం. ఆ సోమవారం కూడా దిగిపోయింది.

ఈ మధ్యలో ఒక సంగతి. ఇది ఎప్పుడూ మీకు చెప్పలేదు. మీరు ఫోనులో అప్పుడప్పుడు ఉన్నట్టుండి ఒక మాట అనేవారు. ఒక గురువారం నేను ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాను, ఫోను వచ్చింది. “ఈ నెలలో వైతికుప్పం పక్క సముద్రపు గాలి బాగుంటుంది గదా” అన్నారు. నేను ఉలిక్కిపడ్డాను. అప్పుడే అక్కడినుంచి వస్తున్నాను. ఇంకోసారి, నేను జననికి బూట్లు కొందామని నెహ్రూ వీధిలో తిరిగి వచ్చిన రోజు, “బజారులో జనం ఎక్కువేనా ఈ మధ్య?” అని అడిగారు. నేను బూట్ల మాటే ఎత్తలేదు. ఒళ్లు జలదరించింది బావా. ఇంత దూరాన ఉన్నా నా మనసు ఈయనకు తెలిసిపోతోంది అనుకున్నాను. జయమ్మాళ్ అక్కకు సిగ్గుపడుతూ చెప్పుకున్నాను కూడా. “చెప్పకుండానే తెలుస్తుందక్కా ఆయనకు, నేను యాడ ఉండేది” అని. ఆమె నా బుగ్గ గిల్లింది. ఆ పొద్దంతా ఏ పని చేస్తున్నా నవ్వు వస్తూనే ఉండింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నామీద నాకే అసహ్యం వేస్తోంది.

తర్వాత తుపాను వాన. మూడు రోజులు కరెంటు లేదు, చార్జరు పెట్టే దారి లేదు. సోమవారం పొద్దున బండి లేవలేదు. ఆ పొద్దే మా సెక్షనులో షిఫ్టు ఇన్‌చార్జి పోస్టుకు పెద్ద ఆఫీసు నుంచి వచ్చి మాట్లాడే రోజు. మోకాళ్ల లోతు నీళ్లలో ఆటో కోసం నిలబడ్డాను. నేను చేరేసరికి వాళ్లు వెళ్లిపోయారు. మా మేనేజరు మర్యాదగానే చెప్పాడు, మీ పని మీద ఏ మచ్చా లేదమ్మా, టైముకు వస్తారన్న నమ్మకమే లేదు అని. పోస్టు మలర్‌కు ఇచ్చారు. నా తర్వాత చేరిన పిల్ల, నేనే పని నేర్పాను. స్వీటు తెచ్చి నాకే మొదట పెట్టింది. తిన్నాను. తిని, టాయిలెట్టులోకి పోయి ఏడ్చాను.

ఆ సాయంత్రం మీకు చెప్తే ఏమన్నారో గుర్తుందా? “పోతే పోనీలే. మనకేం తక్కువ? ఇంటిపట్టున ఉండు.” ఎంత చల్లగా అన్నారు!

ఇప్పుడు మీరు పంపిన ఈ కొత్త మీటరు దగ్గరికి వస్తాను. జాబులో ఎట్లా వాడాలో రాశారు. ముల్లు వోల్టు గుర్తు దగ్గర పెట్టు, ఎర్ర వైరు ప్లస్సుకు, నల్ల వైరు మైనస్సుకు, అంకె చూసి రాసి పంపు, మిగతావి ముట్టొద్దు. మిగతావి ముట్టొద్దు అన్న మాట దగ్గర నాకు కొంచెం చురుక్కుమంది. ఫ్యాక్టరీలో నేను రోజంతా చేసేదే సామాన్లు పరీక్ష పెట్టడం. బండి నిద్రపోతున్నప్పుడు కరెంటు ఎటు పోతోందో చూడాలంటే ఎట్లా అని ఫోనులో వెతికితే తమిళంలో ఒకాయన విడమరిచి చెప్పాడు. తొట్టి నింపి పడుకుంటే పొద్దునకు ఖాళీ అవుతోందంటే తొట్టిని తిట్టి ఏం లాభం, ఏ కొళాయి కారుతోందో చూడాలి కదా.

పోయిన నెల ఒక ఆదివారం పెరట్లో కూర్చున్నాం. అత్త గడప మీద చిన్న ఉల్లిపాయలు ఒలుస్తోంది. తాళం నా నడుముకే ఉంది, బండి పూర్తిగా ఆఫ్. మైనస్సు వైరు ఊడదీసి, దానికీ బ్యాటరీకీ మధ్యన మీటరు పెట్టాను. జనని మీటరు పట్టుకుంది. సున్నాకు దగ్గరగా రావాలి. రాలేదు. పెద్ద అంకె వచ్చి నిలబడింది. “అమ్మా, ఎవురో తాగతా ఉండారు” అనింది జనని. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకాను. లైటుది పీకాను, హారనుది పీకాను, అన్నీ పీకాను. అంకె కదల్లేదు. అంటే ఫ్యూజులతో సంబంధం లేకుండా బ్యాటరీ నుంచే నేరుగా ఏదో పోతోంది. అప్పుడు కనపడింది, ప్లస్సు ముక్కు కింద సన్నటి ఎర్ర వైరు. మిగతా వైర్లకు చుట్టిన టేపు దుమ్ముకొట్టి ఉంది, దీనిది ఇంకా మెరుస్తోంది. వేలితో తడుముకుంటూ పోయాను. సీటు కింద, వెనక చక్రం రేకు పైన, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, నల్ల పెట్టె. లోపల చిన్న పచ్చ లైటు ఆరి వెలుగుతోంది. వైరు ఊడదీశాను. మీటరు సున్నాకు పడిపోయింది.

పెట్టె మీద ఎండిపోయిన చందనం, దాని మీద కుంకుమ ఉన్నాయి. ఆయుధ పూజ నాడు అత్త దానికి కూడా బొట్టు పెట్టింది బావా. హారతి ఇస్తుంటే నేను పక్కనే నిలబడి ఉన్నాను. బండిలో ఏదో సామాను అనుకుని దానికీ కలిపి దండం పెట్టుకున్నాను.

మూత తీస్తే సిమ్ కార్డు ఉంది. మాది ఎలక్ట్రానిక్ సామాన్లు తయారు చేసే ఫ్యాక్టరీ, ఇది ఏమిటో నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. బండి ఎక్కడుందో ఎవరి ఫోనుకో చెప్తూ ఉండే పెట్టె. జనని అడిగింది, “ఏందిమా అది?” అని. “బండి సామాను లే, పోయి చేతులు కడుక్కో” అన్నాను. అది లోపలికి పోయాక అత్త ఉల్లిపాయలు పక్కన పెట్టి అడిగింది.

“నిజం చెప్పు. ఏంది అది?”

“నేను యాడికి పోతానో చూసే పెట్టె అత్తా. మీ కొడుకు పెట్టినట్టు ఉండాడు.”

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. తాను పెట్టిన బొట్టును గోటితో గీకింది. తర్వాత అనింది:

“మీ మామ మన వీధి కొసన కిళ్లీకొట్టోనికి చెప్పి పెట్టినాడు. నేను గడప దాటితే చాలు, సాయంత్రానికి ఆయనకు తెలిసిపోయేది. కోవెలకు పోయినా, మా అన్న ఇంటికి పోయినా. నాకు ఆయన పోయినాకనే తెలిసింది, కొట్టోడే చెప్పినాడు, క్షమించుమా అని. నా కాలానికి మనిషిని పెట్టినారు. నీ కాలానికి పెట్టె వచ్చింది, అంతే.” ఉల్లిపాయల గిన్నె తీసుకుని లేచింది. “వాడు ఆయన కొడుకే గదమ్మా” అనుకుంటూ లోపలికి పోయింది.

నేను మాత్రం తొందరపడలేదు. బండి కొన్నచోటే ఎవరైనా పెట్టి ఉండొచ్చు, దొంగల భయానికి పెట్టి ఉండొచ్చు, బావ అట్లాంటివాడు కాదు అని నాకు నేనే వకీలు పని చేశాను. అందుకే పరీక్ష పెట్టాను. నా జీతంలో కొత్త బ్యాటరీ కొని బండికి వేయించాను. పాత బ్యాటరీ పెరటి వసారాలో పెట్టి, దానికి మీ చార్జరు తగిలించి, ఆ నల్ల పెట్టెను దానికే కలిపాను. చార్జరు పచ్చ లైటు ఒక పక్క, పెట్టె పచ్చ లైటు ఒక పక్క. మీరు అడిగినట్టే బ్యాటరీ ఎప్పుడూ నిండుగా ఉండింది. నేను వారమంతా రోజూ సేదరపేట్ పోయి వచ్చాను. ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు.

పోయిన ఆదివారం మీరు ఫోను చేశారు. స్పీకరులో పెట్టాను, అత్త పక్కనే ఉంది. మీ గొంతు ఎంత తీపిగా ఉండింది! “ఏం లోకూ, ఒంట్లో బాగలేదా? వారమంతా ఇంట్లోనే ఉండావే? రెస్టు తీసుకో, పనికి తొందర లేదు” అన్నారు. ఎన్నాళ్లకో అంత ప్రేమగా మాట్లాడారు. “నేను ఇంట్లో ఉండానని ఎవరు చెప్పినారు బావా?” అని అడిగాను. “అమ్మే చెప్పింది” అన్నారు.

అత్త నా మొహం చూసింది. ఆమె ఆ వారమంతా మీతో ఫోనులో మాట్లాడనే లేదు. మోకాలు పట్టుకుని లేచి, పూజగదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. మీరు ఇంకా “హలో, హలో” అంటూనే ఉన్నారు. ఈసారి సిగ్నలు మా పక్క పోయింది.

అనుమానం ఒక్కటే అయితే ఏమో, ఏడ్చి ఊరుకునేదాన్నేమో. మగాళ్లకు దూరంలో పిచ్చి పుడుతుంది అనుకునేదాన్ని. కానీ మీకు తెలుసు కదా బావా, ఆ పెట్టె బ్యాటరీని తాగేస్తుందని. నాకంటే ముందు, అందరికంటే ముందు మీకు తెలుసు. అది మీ తిండి పెట్టే విద్య. తెలిసి తెలిసి తాళం మరిచిపోయావన్నారు. తెలిసి తెలిసి మీటరు పంపారు, చార్జరు పంపారు. పచ్చ పాచికి ముసలామెను ఏడిపించారు. నేను ఆ వానలో నిలబడి పోస్టు పోగొట్టుకుని వస్తే, పోతే పోనీలే అన్నారు. ఇంకొక్కసారి దిగితే తాళం పంపమని రాసినప్పుడు, దిగి తీరుతుందని మీకు తెలుసు. కన్ను పొడిచి, కాటుక పెట్టుకోవడం రాదన్నట్టు ఉంది మీ వరస. నన్ను చూడటానికి పెట్టిన పెట్టెకే నన్ను ఇంట్లో కూర్చోబెట్టే పని కూడా అప్పజెప్పారు.

ఇంతకూ మీరు ఏం చూశారు ఆ ఫోనులో? వైతికుప్పంలో గురువారాలు ఒక చుక్క ఆగి ఉండటం చూసి ఉంటారు. ఎవరి ఇల్లు, ఎవరితో అని లెక్కలు వేసుకుని ఉంటారు. నేనే చెప్తాను. అత్తకు కూడా ఓవర్‌టైం అని అబద్ధం చెప్పి దాచిన సంగతి ఇది. అక్కడ ఎవరూ లేరు. ఒడ్డున ఎక్కించిన పడవల పక్కన బండి ఆపి, సుండలు, అదే ఉడికించిన శనగల పొట్లం కొనుక్కుని, ఒంటరిగా కూర్చుంటాను. వలలు బాగు చేసే ముసలాయన ఒకడు ఉంటాడు, నా వైపు తల కూడా ఎత్తడు. నన్ను ఎవరూ ఏమీ అడగని చోటు ఈ ఊళ్లో అదొక్కటే. పొట్లం అయిపోగానే లేచి వచ్చేస్తాను. అంతే నా రంకు. ఇంటికి పోవాలని అనిపించక కూర్చునేదాన్ని అన్నది నిజం. ఎందుకు అనిపించేది కాదో అప్పుడు నాకు తెలియదు.

ఇప్పుడు గురువారాలు పోవడం లేదు. పోయినా రుచి లేదు. ఎవరో వెనకాల నిలబడి సుండలు గింజలు లెక్కపెడుతున్నట్టు ఉంటుంది. పెట్టె ఊడదీసినా ఆ చూపు ఊడలేదు. పోస్టు మలర్‌కు పోయింది పోయినట్టే, రాదు. అవన్నీ మీరు తిరిగి ఇవ్వగలిగినవి కావు, అందుకే అడగటం లేదు.

నిన్న జనని సైకిలు మీద ట్యూషనుకు పోతుంటే గేటు దగ్గర నిలబడి చూశాను. ఆ సైకిలుకు బ్యాటరీ లేదు. దాని అదృష్టం అనుకున్నాను. అట్లా అనుకునేలా చేశారు కదా నన్ను, దాని సొంత తండ్రి గురించి.

ఇక మీరు గీతలు గీసి రాసిన మాటకు జవాబు. ఉద్యోగం మానను. తాళం పంపను. బండి మీ పేరు మీద ఉంది, కావాలంటే మీరే వచ్చి, అత్త ముందు నిలబడి, ఎందుకు కావాలో చెప్పి తీసుకోండి. ఆ రోజు నేను నడిచైనా పోతాను. పంగుని నెలలో లీవుకు వస్తే మీ గది ఉంది, అన్నం ఉంది, కూతురు ఉంది. నాతో మాట్లాడాలంటే మాత్రం ముందు అత్తకు జవాబు చెప్పి రండి. ఆమె పేరు మీద అబద్ధం ఆడారు. ఆమె మీకు చెప్పమన్న మాట ఏదైనా ఉందా అని అడిగాను. “ఏం లేదు. బాగుండమను” అనింది.

రేపు సాయంత్రం పురుషోత్తమన్ అన్న మద్రాసు పోయే రైలు ఎక్కి, అక్కడినుంచి మీ పక్కకు వస్తాడు. తాళం ఇచ్చి పంపమన్న చేతికి ఈ జాబు, దానితోపాటు ఒక చిన్న డబ్బా ఇస్తున్నాను. వారమంతా చార్జులో ఉంచిన మీ నల్ల పెట్టెను, బొట్టు చెరపకుండా దూదిలో చుట్టి అందులో పెట్టాను. బ్యాటరీ వైరు ఊడదీసినా దాని కడుపులో ఇంకో చిన్న బ్యాటరీ ఉంది, కొన్ని గంటలు పని చేస్తుంది. కాబట్టి ఈ జాబు చదివేలోపే మీరు ఫోనులో చూసే ఉంటారు. మీ పెళ్లాం ఇల్లు వదిలి, స్టేషనుకు పోయి, రైలెక్కి, మీ వైపే వస్తున్నట్టు కనపడి ఉంటుంది. విల్లుపురం దాటి, చెంగల్పట్టు దాకా వచ్చిందేమో. ఎక్కడ ఆగిపోయిందో మీరే చూసి ఉంటారు. అంతవరకే చార్జు ఉండింది బావా.

ఇట్లు,
మీ మామ కూతురు,
లోకేశ్వరి